‘కరెంట్ సీటీసీ ఎంత?’ అని అడిగితే...

2021లో మొదటిసారి కంపెనీ మారుతున్నప్పుడు హెచ్‌ఆర్ మేడమ్ ఫోన్‌లో అడిగిన మొదటి మాట ఇదే. నాలుగు లక్షల ఇరవై వేలు అని చెప్పేశా. ‘మరి ఎక్స్‌పెక్టేషన్?’ అంటే ఏం చెప్పాలో తెలీక ‘మీ పాలసీ ప్రకారం ఇవ్వండి మేడమ్’ అన్నా. పాలసీ ప్రకారం ముప్ఫై శాతం హైక్ ఇచ్చారు. ఐదు లక్షల నలభై ఆరు వేలు. రామగిరిలో మా అమ్మ వీధంతా చెప్పుకుంది.

ఆర్నెల్ల తర్వాత టీ తాగుతుంటే అసలు సంగతి బయటపడింది. నా పక్క సీటు కుర్రాడు నాతోపాటే చేరాడు, నేను చేసే పనే చేస్తున్నాడు, జీతం మాత్రం తొమ్మిది లక్షల పదివేలు. వాడి పాత జీతం ఏడు లక్షలు. ముప్ఫై శాతం వాడికీ అదే, నాకూ అదే! క్యాంపస్‌లో ఎవరో తక్కువిచ్చిన పాపం నా వెనకే వచ్చిందన్నమాట.

ఆ వారం ధర్మవరం రైలెక్కి ఇంటికెళ్లి నాయనకి చెప్తే నవ్వాడు. మాది శెనక్కాయ సేద్యం. కొనేదానికొచ్చే వ్యాపారి మూట విప్పకముందే ‘పోయినేడు ఎంతకిచ్చినావన్నా?’ అంటాడట. నాయన ఎప్పుడూ చెప్పడు. ‘పోయినేటి ధర పోయినేటి కాయకి. ఇప్పుడీ కాయ ఒలిచి చూడు, గింజ చూసి రేటు చెప్పు’ అంటాడు. ‘ఇంజినీరింగ్ చదివినావు, ఇంత మాత్రం తెలీదేమిరా?’ అని నాకూ ఒకటి తగిలించాడు.

అయితే నాయన పద్ధతి మనకి పూర్తిగా పనికిరాదు. మన దగ్గర పేస్లిప్పులు అడుగుతారు, ఫారం 16 అడుగుతారు. ఎక్కువ చేసి చెప్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికిపోతాం. అమెరికాలో మాసాచుసెట్స్ 2016లోనే, ఆఫర్ ఇవ్వకముందు పాత జీతం అడగొద్దని చట్టం చేసింది. కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి ఆ ప్రశ్నే నిషేధం. ఒకసారి తక్కువకి కుదిరిన మనిషి, ముఖ్యంగా ఆడవాళ్లు, జన్మంతా తక్కువకే ఉండిపోతున్నారని. మనకలాంటి చట్టం లేదు.

అందుకే 2023లో ఇంకో కాల్ వచ్చినప్పుడు ముందు నేనే అడిగా: ‘ఈ రోల్‌కి మీ బడ్జెట్ ఎంతండీ?’ ఆమె చెప్పలేదు, నా జీతమే మళ్లీ అడిగింది. నిజమే చెప్పి, ‘అది రెండేళ్ల కిందట ఒప్పుకున్న రేటు. ఇప్పుడు పేమెంట్స్ మాడ్యూల్ మొత్తం నేనే చూస్తున్నా. పదమూడు అనుకుంటున్నా’ అన్నా. గాల్లోంచి తీసిన అంకె కాదు. నాలాంటి అనుభవమే ఉన్న ముగ్గురు ఫ్రెండ్స్‌ని సిగ్గు విడిచి అడిగి తెలుసుకున్నది. ఆ తర్వాత ఫోన్‌లో నిశ్శబ్దం. ‘కొంచెం తగ్గినా పర్లేదు’ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశా. రెండ్రోజులకి పన్నెండు అన్నారు.

నెలకి లక్ష అనుకుని ఎగిరి గంతేశా. బ్రేకప్ షీట్ చూస్తే లక్షా ఇరవై వేలు వేరియబుల్. బేసిక్ ఆరు లక్షలు, దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 72 వేలు, గ్రాట్యుటీ 28,860. ఇవన్నీ ఆ పన్నెండులోనివే. నా వాటా పీఎఫ్ ఆరు వేలు, కర్ణాటక ప్రొఫెషనల్ ట్యాక్స్ రెండొందలు పోతే, ఇన్‌కమ్ ట్యాక్స్ పట్టకముందే నెలకి 75,395. పీఎఫ్ మన డబ్బే, ఎటూ పోదు. కానీ ఐదేళ్లు నిండక ముందే మానేస్తే గ్రాట్యుటీ రాలేదనుకోవాలి. వేరియబుల్‌ని ఫిక్స్‌డ్‌లో కలపమన్నా, కుదరదన్నారు. నోటీస్ పీరియడ్ బైఅవుట్ డబ్బులు మాత్రం ఇస్తామన్నారు. అదంతా మెయిల్‌లో పడ్డాకే రాజీనామా చేశా.

ఇప్పుడు నేనూ ఇంటర్వ్యూలు చేస్తున్నా. పోయిన నెల ఒక కుర్రాడు చాలా బాగా చేశాడు. మా బడ్జెట్ పన్నెండు. హెచ్‌ఆర్ నుంచి మెసేజ్: ‘కరెంట్ ఐదే. ఆరున్నర ఇస్తే వచ్చేస్తాడు.’ పన్నెండు పనికి ఆరున్నర ఏంటని అడిగా. ‘మీరు ఎవరి సైడ్ అండీ?’ అని స్మైలీ పెట్టింది. చివరికి తొమ్మిదికి తేలింది. మొన్ననే చేరాడు, నా ఎదుటి వరసలోనే కూర్చుంటాడు. మంచి హైక్ వచ్చిందని టీమ్‌కి స్వీట్లు పంచాడు. ఒకటి నేనూ తీసుకున్నా.