మనోవ్యాధులపై మెదడు చిత్రాల వెలుగు

గుండె, ఊపిరితిత్తులు వంటి అవయవాలు వ్యాధిగ్రస్తమైతే వైద్యుడు ఏదో ఒక పరీక్షతో దానిని కనుగొనగలడు. మనోవ్యాధి విషయంలో ఈ సౌకర్యం చాలాకాలం లేదు. అందుచేతనే మన గ్రామాలలో గాలి, దయ్యం, చేతబడి వంటి నమ్మకాలు పాతుకొనిపోయాయి. పాశ్చాత్య దేశాలలో సైతం కొందరు మనోవైద్యులు తల్లి పెంపకంలోని లోపమే స్కిజోఫ్రీనియాకు మూలమని 1940ల నుండి కొన్ని దశాబ్దాలపాటు బోధించారు. రోగితోపాటు తల్లి కూడా నిందను మోయవలసివచ్చింది.

మెదడును చిత్రించే పద్ధతి పూర్వం లేకపోలేదు. వెన్ను గుండా గాలిని ఎక్కించి, మెదడు లోపలి ద్రవకోశాలను ఎక్స్‌రే తీసేవారు. 1927లోనే జర్మనీలో కొందరు స్కిజోఫ్రీనియా రోగుల ద్రవకోశాలు పెద్దవిగా ఉన్నట్లు ఈ పద్ధతిలో గమనించారు. అయితే ఇది తీవ్రమైన తలనొప్పి కలిగించే పరీక్ష. ఆరోగ్యవంతులను దీనికి గురిచేయడం న్యాయం కాదు. వారితో పోల్చనిదే రోగిలో కనిపించినది వికారమో కాదో తేలదు.

ఈ చిక్కును సి.టి. స్కాన్ విడదీసింది. తల చుట్టూ పలు కోణాల నుండి ఎక్స్‌కిరణాలను ప్రసరింపజేసి, కంప్యూటర్ సహాయంతో మెదడు అడ్డుకోత చిత్రాన్ని రూపొందించే ఈ యంత్రంతో 1971లో లండన్‌లో తొలిసారిగా ఒక రోగిని పరీక్షించారు. దీని నిర్మాత గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు, సిద్ధాంతకర్త అలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించింది. 1976లో ఈవ్ జాన్‌స్టోన్, ఆమె సహచరులు ఇంగ్లండులోని నార్త్‌విక్ పార్క్‌లో 17 మంది దీర్ఘకాలిక స్కిజోఫ్రీనియా రోగులను 8 మంది ఆరోగ్యవంతులతో పోల్చి, రోగుల ద్రవకోశాలు సగటున పెద్దవని నిరూపించారు.

ఇందులోని మెలకువను 1990లో అమెరికాలో వెలువడిన మరొక పరిశోధన స్పష్టం చేసింది. ఒకరికి వ్యాధి ఉండి మరొకరికి లేని 15 జతల సమరూప కవలల మెదడు చిత్రాలను పరిశీలించగా, 12 జతలలో రోగి ఎవరో కేవలం చూపుతోనే గుర్తించగలిగారు. జన్యువులు ఒకటే అయినప్పటికీ మెదళ్లలో తేడా ఉన్నదన్నమాట. కాని పక్కన కవల సోదరుని చిత్రం ఉన్నందువల్లనే ఆ తేడా తెలిసింది. రోగి చిత్రాన్ని ఒంటరిగా చూస్తే అది సాధారణమైనదిగానే తోచవచ్చు.

ఈ కారణం చేతనే, స్కాన్ ఒక్కదానితో స్కిజోఫ్రీనియాను నిర్ధారించడం నేటికీ సాధ్యం కాలేదు. సగటున పురుషులు స్త్రీలకంటె పొడవరులే అయినా, ఎత్తును మాత్రమే చెప్పి ఆ వ్యక్తి పురుషుడో స్త్రీయో తేల్చలేము కదా! పైగా దీర్ఘకాలం వాడిన మందుల ప్రభావమెంతో వేరుచేసి చూడవలసి ఉంటుంది. ఇందుకే బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో ఇంకా మందులు ప్రారంభించని రోగులపై కూడా పరిశోధనలు జరిపారు.

వైద్యులు నేడు స్కాన్ చేయించేది ప్రధానంగా కణితి, రక్తస్రావం వంటి ఇతర కారణాలు లేవని తెలుసుకొనేందుకే. రోగనిర్ధారణ మాత్రం రోగితోను, కుటుంబ సభ్యులతోను సావధానంగా మాట్లాడిన పిమ్మటనే జరుగుతుంది. కనుక "స్కాన్‌లో ఏమీ లేదు, ఇదంతా నటన" అని రోగిని అనుమానించడం ఎంత తప్పో, తల్లిని నిందించడమూ అంతే తప్పు. మెదడు చిత్రాలు నేర్పిన తొలి పాఠం ఇదే.