జలదుర్గంలో ఆపద్ధర్మం: ప్రళయానంతర నవలల్లో ద్వీపనివాసాల శాసనాలు

వ్యాససంగ్రహం:

నాగరికత కూలిపోయాక మిగిలినవారు ఒక ద్వీపంలో చేరి, దాన్ని కోటగా మలచుకొని, తమకు తామే శాసనాలు ఏర్పరచుకోవడం ఆంగ్ల నవలలో బలంగా పాదుకొన్న ఇతివృత్తం. జాన్ విండం 'ద డే ఆఫ్ ద ట్రిఫిడ్స్' (1951) ప్రధాన ఆధారంగా, విలియం గోల్డింగ్ 'లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్' (1954), బెర్నార్డ్ బెకెట్ 'జెనెసిస్' (2006) తోడుగా ఆ శాసనాల స్వభావాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఇటువంటి నివాసంలో చట్టం బయటి శత్రువును బట్టి కాక, లోపల ఎవరి ప్రాణాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న నిర్ణయాన్ని బట్టి రూపొందుతుందని ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: ప్రళయానంతర సాహిత్యం, జలదుర్గం, ఆపద్ధర్మం, అంధత్వం, విండం, గోల్డింగ్, బెకెట్.

1. ప్రవేశిక

దుర్గాలను విభజిస్తూ కౌటిల్యుడు మొదట చెప్పింది ఔదకం, అంటే జలదుర్గం. నీటి నడుమ ఉన్న ద్వీపం అందులో ఒక రకం. ఎడారిలోనూ అడవిలోనూ ఉన్న దుర్గాలు ఆపదలో తప్పించుకోవడానికి పనికివస్తాయనీ, జలదుర్గ పర్వతదుర్గాలు జనపద రక్షణకు తగినవనీ అర్థశాస్త్రం చెబుతుంది. రక్షించవలసిన జనపదం ఏదో అక్కడ ముందే తెలుసు. ప్రళయానంతర నవలలో ఈ క్రమం తలకిందులవుతుంది. కోట మాత్రం దొరుకుతుంది, జనపదం ఎవరన్నదే తేలవలసిన ప్రశ్న. ద్వీపనివాస కథల్లోని చట్టాలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

విండం నవలలో ప్రళయం రెండు దఫాలుగా వస్తుంది. ఒక రాత్రి ఆకాశంలో పచ్చని వెలుగులు మెరుస్తాయి. వాటిని చూసినవారందరూ మర్నాటికి చూపు కోల్పోతారు. అప్పటికే నూనె కోసం ప్రపంచమంతటా పెంచుతున్న ట్రిఫిడ్లు అనే మొక్కలు కదలగలవు, విషపు కొరడాతో మనిషిని చంపగలవు. చూపున్నంతకాలం మనిషికి లొంగి ఉన్న ఆ మొక్కలు చూపు పోగానే వేటగాళ్లవుతాయి. కంటికి కట్టుతో ఆసుపత్రిలో ఉండడం వల్ల చూపు దక్కించుకొన్న బిల్ మేసన్ ఈ కథ చెబుతాడు. దక్షిణ ఇంగ్లండుకూ తనకూ మధ్య సన్నని సోలెంట్ జలసంధి మాత్రమే ఉన్న ఐల్ ఆఫ్ వైట్ ద్వీపం చివరికి ఆశ్రయమవుతుంది.

2. సెనేట్ హౌస్‌లో పుట్టిన శాసనం

ఆశ్చర్యమేమంటే, ద్వీపంలో అమలు కావలసిన శాసనం ద్వీపంలో పుట్టలేదు. ప్రళయం వచ్చిన కొద్ది రోజులకే లండన్ విశ్వవిద్యాలయ భవనంలో చూపున్నవారు కొందరు మైకేల్ బీడ్లీ నాయకత్వంలో సమావేశమవుతారు. అక్కడ వోర్లెస్ అనే సమాజశాస్త్ర ఆచార్యుడు కొత్త నియమాలు ప్రకటిస్తాడు. నీతి దేశకాలాలను బట్టి మారేదే గనుక పాత నీతి ఇక వర్తించదంటాడు. పురుషుల ధర్మం పనిచేయడం, స్త్రీల ధర్మం పిల్లలను కనడం. అంధులైన స్త్రీలను పరిమిత సంఖ్యలో పోషించవచ్చు, ఎందుకంటే వారికి పుట్టే పిల్లలకు చూపు ఉంటుంది. అంధులైన పురుషులను పోషించే శక్తి సమాజానికి లేదు. ఏకపత్నీవ్రతం ఈ లెక్కలో ఇమడదు గనుక దానికి స్వస్తి. ఇష్టం లేనివారు విడిగా వెళ్లిపోవచ్చునని కూడా వారు చెబుతారు. ఈ చివరి అంశాన్ని విమర్శకులు తేలికగా దాటిపోకూడదు. ఈ వ్యాసంలో చూడబోయే తక్కిన కోటలకు లేని సుగుణం అదొక్కటే.

ఆ భవనం ఎంపిక యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సమాచార మంత్రిత్వశాఖ సెనేట్ హౌస్‌లోనే ఉండేది. విండం ఆ శాఖలో సెన్సారు ఉద్యోగం చేశాడు. నవల వెలువడిన 1951 నాటికి బ్రిటన్‌లో ఆహార రేషన్ ఇంకా ఎత్తివేయలేదు. అత్యవసరం పేరిట మనుషులనూ వస్తువులనూ లెక్కగట్టే భాష ఆనాటి పాఠకులకు కొత్తది కాదు. వోర్లెస్ ప్రసంగంలోని ప్రశాంతమైన గొంతు ఆ కాలపు అధికార ప్రకటనలకు చుట్టరికమే.

ఈ శాసనానికి మూడు ప్రత్యామ్నాయాలను నవల వరుసగా ఎదుట నిలుపుతుంది. అందరికన్నా ముందు కోకర్ వస్తాడు. చూపున్నవారిని బలవంతంగా పట్టితెచ్చి, గొలుసులతో అంధుల బృందాలకు కట్టి, నగరంలో ఆహారం వెతికించే పని వారిమీద మోపుతాడు. తర్వాత మిస్ డురాంట్ టిన్‌షామ్ భవనంలో క్రైస్తవ నియమాల ప్రకారం, అంధులను వదలకుండా, పాత వివాహధర్మాన్ని కాపాడుతూ ఒక నివాసం నడుపుతుంది. చివరగా ససెక్స్‌లోని షర్నింగ్ పొలానికి టోరెన్స్ సాయుధులతో వస్తాడు. ఒక్కొక్క చూపున్న వ్యక్తి కింద పదిమంది చొప్పున అంధులను ఉంచి, వారికి ట్రిఫిడ్ల గుజ్జు తినిపించి పొలంలో పనిచేయించే జమీందారీ పథకం అతనిది. మాటలో అది అంధుల సంరక్షణ, ఆచరణలో వెట్టి.

టిన్‌షామ్ ఘట్టంలో దైనందిన జీవితానికి చెందిన చిన్న సంగతి ఒకటుంది. చీకట్లో కూర్చున్న ఒక యువతిని, దీపాలు వెలిగించే యంత్రం నడపడం నేర్చుకోవచ్చు కదా అని కోకర్ నిలదీస్తాడు. అది ఆడవాళ్ల పని కాదన్న ధోరణిలో ఆమె మాట్లాడితే అతడు మండిపడతాడు. స్త్రీ ధర్మం కనడమేనన్న వోర్లెస్ సూత్రానికి నవలలో ఎదురయ్యే సూటి జవాబు ఇదే. దీన్ని ప్రసంగాల పక్కన ఉంచి చదవడం అవసరం.

3. లెక్కలోకి రానివారు

వోర్లెస్ సూత్రాన్ని కోకర్ ప్రయోగం నిజంగా ఎదిరించింది. ఎదుట ఉన్నవారిని చావనివ్వడం ఏ లెక్క ప్రకారం న్యాయమని అది అడిగింది. ఆ ప్రశ్నకు నవల జవాబు చెప్పదు. అంతలో ఒక అంతుచిక్కని వ్యాధి వచ్చి లండన్‌లోని అంధులను తుడిచిపెడుతుంది. మేసన్ చేతిలో ఉన్న బృందం అలాగే కరిగిపోతుంది, టిన్‌షామ్ కూడా వ్యాధికే బలవుతుంది. నీతి తేల్చవలసిన చిక్కును వ్యాధి తేల్చింది. మేసన్ ఎవరినీ వదిలేయనక్కర లేకుండా, వదిలేసినట్లయిన స్థితికి చేరుకొంటాడు. ఈ నవలలో రచయిత తనకు తాను ఇచ్చుకొన్న సౌలభ్యాలలో ఇదే పెద్దదని నా అభిప్రాయం.

అయితే వోర్లెస్ లెక్క తప్పని చెప్పే సాక్ష్యం నవలలోనే ఉంది. షర్నింగ్ పొలంలో డెన్నిస్ అంధుడు. ఇంట్లో ఒకరిని ట్రిఫిడ్ కుట్టినప్పుడు, ముఖానికీ చేతులకూ తొడుగులు తయారుచేసుకొని, తడుముకొంటూ బయటికి వెళ్లి, ఆ మొక్కల నడుమ నుంచి కావలసినవి తెచ్చినవాడు అతడే. సెనేట్ హౌస్ శాసనం ప్రకారం పోషించడానికి వీలులేని కోవకు చెందిన మనిషి చూపున్నవాళ్లు రాకముందే ఒక ఇంటిని నిలబెట్టాడు. నవల ఈ వైరుధ్యాన్ని గుర్తించినట్లు ఎక్కడా కనిపించదు. జోసెల్లా ప్లేటన్ కొత్త వివాహనియమాన్ని అంగీకరించడానికి ముందు ఎంత ఆలోచించిందో మేసన్ వివరంగా చెబుతాడు. అంధులైన పురుషులను గురించిన నిర్ణయం మీద ఒక్క అంధ పురుషుడు కూడా మాట్లాడడు.

4. కోట గుమ్మం

గోల్డింగ్ నవలలో ద్వీపానికి చేరినవారు బడిపిల్లలు. అణుయుద్ధం మధ్య తరలిస్తుండగా విమానం కూలుతుంది. వారి తొలి శాసనాలు ముచ్చటగా ఉంటాయి. శంఖం చేతిలో ఉన్నవాడే మాట్లాడాలి, కొండమీద మంట ఆరకూడదు, మలవిసర్జనకు ఆటుపోటు కడిగే రాళ్ల వైపే వెళ్లాలి. ఇవి కోట లేని రోజుల చట్టాలు. జాక్ తన గుంపును కాజిల్ రాక్ అనే రాతి దిబ్బకు తరలించి, ఇరుకైన దారిమీదికి దొర్లించడానికి బండను సిద్ధం చేయించాక చట్టం స్వరూపమే మారిపోతుంది. విల్‌ఫ్రెడ్ అనే పిల్లవాణ్ని కట్టివేసి కొడతారు, ఎందుకో తోటివారికి తెలియదు. కారణం చెప్పనక్కర లేకపోవడమే అక్కడి శాసనం.

ఆ కోట గుమ్మానికి పిగ్గీ వస్తాడు. అతని కళ్లజోడును జాక్ గుంపు దొంగిలించింది, అది లేకుంటే అతనికి దాదాపు ఏమీ కనిపించదు. దయ తలచి కాదు, న్యాయం గనుక తిరిగి ఇమ్మని అడగడానికి శంఖం పట్టుకొని వస్తాడు. పైనుంచి రోజర్ దొర్లించిన బండకు పిగ్గీ బలవుతాడు, శంఖం ముక్కలవుతుంది. మృగం కోసం సిద్ధంచేసిన రక్షణ మొదట చంపింది చూపులేని తోటివాణ్ని. విండం మాట్లాడనివ్వని మనిషిని గోల్డింగ్ గుమ్మం దాకా నడిపించి మాట్లాడించాడు.

బెకెట్ న్యూజిలాండ్ రచయిత. 'జెనెసిస్'లో మహమ్మారి నుంచి తప్పించుకోవడానికి ఒక గణతంత్రం తన దీవుల చుట్టూ సముద్రంలో మహాకంచె కట్టుకొంటుంది. శ్రామికులు, సైనికులు, సాంకేతికులు, తాత్త్వికులు అని నాలుగు వర్గాలు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, జన్యుపరీక్షతో వర్గం నిర్ణయిస్తారు. గ్రీకు ప్లేటో 'రిపబ్లిక్' ఛాయలు స్పష్టం. కంచె దగ్గరికి వచ్చే పడవను కాల్చివేయాలన్నది కాపలావాళ్లకు ఆజ్ఞ. ఆడం ఫోర్డ్ అనే సైనికుడు పడవలో కొట్టుకువచ్చిన అమ్మాయిని చూసి, ఆమెకు బదులు తన తోటి కాపలాదారుణ్ని కాల్చి, ఆమెను గుహలో దాస్తాడు. నవలలోని చర్చంతా ఈ ఒక్క ఆజ్ఞోల్లంఘన నుంచే పుడుతుంది. లోపలి నాలుగు వర్గాల అమరిక నిలబడింది ఆ గుమ్మపు శాసనం మీదేనని ఆ ఉల్లంఘన బయటపెడుతుంది.

5. ఆపద్ధర్మానికి గడువు

మహాభారత శాంతిపర్వంలో ఆపద్ధర్మం ఒక ప్రత్యేక విభాగం. కరవుకాలంలో విశ్వామిత్రుడు చండాలుని ఇంట కుక్కమాంసం దొంగిలించబోయే కథ అక్కడిదే. ఆ కథలో గమనించవలసినవి రెండు. ఒకటి, చండాలుడు ఊరుకోడు. ధర్మమేదో చెబుతూ ఋషితో దీర్ఘంగా వాదిస్తాడు. రెండు, ప్రాణం నిలుపుకోవడానికి చేసిన ఆ పని కొత్త ఆచారంగా స్థిరపడదు. వాన కురవగానే ఆ మినహాయింపు అవసరం తీరిపోతుంది. మినహాయింపు మినహాయింపుగానే మిగలడం ఆపద్ధర్మ భావనకు ప్రాణం.

వోర్లెస్ శాసనంలో ఈ రెండూ లేవు. పాత నీతి సాపేక్షమని నిరూపించి, దాని స్థానంలో మరొక నీతిని కూర్చోబెట్టడం అతని పద్ధతి. అందుచేత అది ఆపద్ధర్మం కాదు, ఆపద పేరుతో వచ్చిన స్వధర్మం. వానకోసం ఎదురుచూడవలసిన పని దానికి లేదు.

ఐల్ ఆఫ్ వైట్ జీవితం నవలలో దాదాపు తెరవెనుకనే ఉండిపోతుంది. బీడ్లీ వర్గం ద్వీపంలోని ట్రిఫిడ్లను నిర్మూలించిందనీ, హెలికాప్టర్‌లో వచ్చిన మనిషి ద్వారా మేసన్ కుటుంబానికి పిలుపు అందిందనీ తెలుస్తుంది. టోరెన్స్ మనుషులకు మద్యం పోసి, వారి వాహనపు ఇంధనంలో తేనె కలిపి, మేసన్ తనవారితో రాత్రికి రాత్రి బయటపడతాడు. వారిలో డెన్నిస్ కూడా ఉన్నాడు. ద్వీపంలో అతని స్థానం ఏమిటో మేసన్ రాయడు. ట్రిఫిడ్లను తుదముట్టించే మార్గం కోసం అక్కడ పరిశోధన సాగుతోందనీ, ఒకనాటికి తామో తమ సంతతో జలసంధి దాటి పోయిన నేలను తిరిగి పట్టుకొంటామనీ మాత్రం చివరి పుటలో చెబుతాడు. ఆనాటికి సెనేట్ హౌస్ నియమాలు ఏమవుతాయన్న ప్రస్తావన ఆ పుటలో లేదు.