బల్లమీది సముద్రము

సముద్రయాన కథలన్న బాలబాలికలకు ప్రీతి మెండు. కాని కథ చదువువాడు నావికుని వెంట మనస్సుచేత మాత్రమే పోవును. తుపాను వచ్చినపుడు తెరచాప దింపవలెనో వలదో నిర్ణయించు నధికార మతనికి లేదు. ఆ యధికారమును చదువరికే యిచ్చు నాట యొకటి కలదు. మన పై తరగతుల విద్యార్థులు కొందఱు సెలవుదినములలో దాని నాడుచుందురు. కొన్ని మాసముల క్రిందట వారిలో నొక వివాదము పుట్టి నాయొద్దకు వచ్చెను. ఓడనుండి నీటబడిన వీరుడు మూడు నిమిషములు ఊపిరి బిగబట్టి బ్రతికెనని యొకడు లెక్క చెప్పగా, అది కల్లయని, అర నిమిషమునకే తనకు రొమ్ము పగులునట్లుండునని రెండవవాడు వాదించెను. తీర్పు చెప్పవలసినవాడ నగుటచే నియమగ్రంథములను చదివితిని. తెలిసికొన్న సంగతుల నిచట వ్రాయుచున్నాను.

ఈ యాట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. దీనిని గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 1974లో అమెరికా దేశమున ప్రకటించిరి. ఆడువారిలో నొకడు మధ్యవర్తియై కథ నడుపును. తక్కినవారు తలకొక పాత్రను ధరించి తమ పాత్ర యేమి చేయునో చెప్పుదురు. జయాపజయములు సందిగ్ధమైనచోట 20 ముఖములుగల పాచిక వేసి నిర్ణయింతురు. నేలమాళిగలకు ఈ యాట పేరుపడినను, సముద్రము మొదటినుండియు దీనియందు కలదు. 1974 నాటి మూడవ పుస్తకముననే ఓడల యుద్ధమునకు నియమము లున్నవి. 1975లో వెలువడిన బ్లాక్‌మూర్ అను ననుబంధమున నీటి యడుగున సంచరించుటకు నియమములు చేరినవి. 2019లో ప్రకటింపబడిన సాల్ట్‌మార్ష్ గ్రంథము ఓడ దేహమునకు, చుక్కానికి, తెరచాపలకు వేఱువేఱుగా బలమును నిర్ణయించి, కప్తాను మొదలు వంటవాని వఱకు ఎవరి పని వారి కేర్పఱచినది.

ఇక 2014 నాటి నియమముల ననుసరించి ఓడల సంగతి చూతము. గాలీ యను తెడ్ల యోడకు 80 మంది నావికులు వలయును. అది గంటకు 4 మైళ్ళు పోవును. తెరచాప యోడకు 20 మంది చాలుదురు. దాని వేగము గంటకు 2 మైళ్ళే. ఐనను నావికులు వంతులవారీగా పనిచేయుదురు గనుక ఓడ రేయింబవళ్ళు సాగి దినమునకు 48 మైళ్ళు గడచును. ఆ యోడ బలము 300. దానికి 15 అను హద్దొకటి కలదు. అనగా 14 విలువగల దెబ్బ ఓడ కేమియు చేయజాలదు. 16 విలువగల దెబ్బ తగిలిన 16ను పూర్తిగా తీసివేయవలెను. కత్తితో గీసినంతమాత్రమున ఓడ మునుగదనుటకే ఈ హద్దు. రాతిగుండు విసరు యంత్రమునకు 10 ముఖముల పాచికలు ఐదు వేయుదురు గనుక, దాని దెబ్బ తఱచుగా హద్దు దాటును.

నీటిలోపలి నియమములు ఇంతకంటె రుచికరములు. ఈదువాని నడక సగమగును. కత్తి, గొడ్డలి, గద మున్నగు వానితో కొట్టువాడు రెండు పాచికలు వేసి తక్కువ సంఖ్యనే గ్రహింపవలెను. బాకు, పొట్టికత్తి, ఈటె, త్రిశూలములకు ఈ ప్రతికూలత లేదు. కారణ మేమి? నీరు గాలికంటె సుమా రెనిమిదివందల రెట్లు సాంద్రమైనది. అడ్డముగా త్రిప్పు నాయుధమును నీ రడ్డగించును. సూటిగా పొడుచు నాయుధము నీటిని చీల్చుకొని పోవును. ప్రతికూలత యెంతటిదో గణితమువలన తెలియును. 11 గాని అంతకు మించి గాని పడవలసియున్న, ఒక పాచికతో గెలుచు నవకాశము సగము. రెండు పాచికలును అట్లే పడవలెనన్న పావు మాత్రమే. పూర్తిగా నీట మునిగినవానికి అగ్నివలని హాని సగమే తగులును.

ఇప్పుడు ఊపిరి సంగతి. పాత్రకు దేహదార్ఢ్యమువలన లభించు చేర్పుసంఖ్యకు ఒకటి కలిపిన, అన్ని నిమిషములు ఊపిరి బిగబట్టవచ్చును. చేర్పు 2 ఐన 3 నిమిషములు. ఎంత దుర్బలునికైనను అర నిమిషము తప్పదు. ఊపిరి తీఱిన పిదప చేర్పుసంఖ్య యెంతయో అన్ని వంతులు నిలుచును. వంతు 6 సెకండ్లు. అటుపిమ్మట స్పృహ తప్పి పడిపోవును. నీట శ్వాసించు మంత్ర మొకటి కలదు; అది 10 మందికి 24 గంటలు పనిచేయును. కనుక మొదటి బాలుని లెక్క నియమానుసారము సరియైనదే యని తీర్పు చెప్పితిని.

వివాద మంతటితో తీఱినదనుకొంటిని. కాని ఆ సాయంకాలము ఇరువురును ఊరి చెరువులో పరీక్షించి చూడ నిశ్చయించుకొనిరని, మునుగుటకు ముందు వేగముగా గాఢశ్వాసలు తీసిన ఎక్కువసేపు నిలువవచ్చునని యెవరో వారికి చెప్పిరని తెలిసి, పరుగున పోయి యాపితిని. వారు అప్పటికే చొక్కాలు విప్పి గట్టున నిలిచియుండిరి.

విద్యార్థులారా, ఈ సంగతి మఱువకుడు. ఊపిరి తీయవలెనను ఆరాటము ముఖ్యముగా రక్తమునందు బొగ్గుపులుసు వాయువు పెరుగుటచే కలుగును గాని ప్రాణవాయువు తగ్గుటచే కాదు. వేగముగా గాఢశ్వాసలు తీసినపుడు ఆ బొగ్గుపులుసు వాయువు వెలికి పోవును. ప్రాణవాయువు మాత్రము అంతగా పెరుగదు. అందుచే ఆరాటము పుట్టకమునుపే ప్రాణవాయువు తఱిగి, ఈదువాడు నీటిలోపలనే మూర్ఛిల్లును. చేతులు కొట్టుకొనడు, కేక వేయడు. గట్టుమీది స్నేహితు డతడు పందెము గెలుచుచున్నాడనుకొని నిమిషములు లెక్కించుచుండును. మంచి యీతగాండ్రే ఇట్లు మరణించుచున్నారు.

ఆటలో ఊపిరి తీఱినవానికి రెండు వంతుల హెచ్చరిక కలదు. చేయి పట్టి లాగుటకు తోడివారికి సమయము కలదు. చెరువులో అట్టి హెచ్చరిక యుండదు. ఆ బాలు రిరువురును నేటికిని ఆ యాట నాడుచున్నారు. వారి వీరులు సముద్రగర్భమున శిథిలనగరము నొకదానిని వెదకుచున్నారట. వా రెంత లోతునకు దిగినను నాకు సంతోషమే, బల్లమీద దిగినంతవఱకు.