మీకు తెలుసా? అన్నం మానేసి కొర్రలు తిన్నా తూకం ముల్లు ఎందుకు కదలదు?

వండని కొర్రలు 100 గ్రాములు తూస్తే అందులో సుమారు 60 గ్రాములు పిండిపదార్థమే! బియ్యంలో 78. పిండిపదార్థం బాగా తగ్గించే కీటో ఆహారంలో రోజంతటికీ కలిపి తినదగ్గది 20 నుంచి 50 గ్రాములు.

మార్కాపురం, గిద్దలూరు మెట్టచేలల్లో పండే సజ్జలదీ ఇంచుమించు ఇదే లెక్క. పీచు ఎక్కువ కాబట్టి కొర్రలు మంచి తిండే, కానీ లో-కార్బ్ మాత్రం కాదు.

తూకం ఆగడానికి ఇంకో కారణముంది. తొలి రోజుల్లో గబగబా తగ్గేది ఎక్కువగా నీరే. ఒంట్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉన్న పిండిపదార్థం గ్రాముకు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖాళీ అయ్యాక కరగాల్సింది కొవ్వు, అదేమో నిదానం. మధ్యలో నమిలే వేరుశనగ గుళ్లు పిడికెడైనా, అంటే 30 గ్రాములు, 170 కేలరీలు!

షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా అన్నం మానొద్దు.