పట్టా పండుగకు ఏ పాటలు?

పరీక్షా ఫలితాలు వచ్చి పిల్లల చేతికి పట్టా అందే రోజుల్లో బళ్ళారి తెలుగు ఇళ్ళలో ఒక తీయని తగువు మొదలవుతుంది. సాయంత్రం మిద్దె మీద షామియానా వేసి నలుగురినీ భోజనానికి పిలుద్దామనేంత వరకు అందరిదీ ఒకటే మాట. పాటల దగ్గరకు వచ్చేసరికి ఎవరి దారి వారిది. తాతకు ఘంటసాల కావాలి, అమ్మకు బాలు కావాలి, అమ్మాయికి నిన్నమొన్నటి కన్నడ సినిమా పాటలు కావాలి. "మన ఇంటి పండుగలో తెలుగు పాట లేకుంటే ఎట్లమ్మా?" అంటుంది అవ్వ. "నా స్నేహితులకు అర్థం కావద్దా అవ్వా?" అంటుంది మనవరాలు. ఇద్దరి మాటా సబబే. మరి జాబితా ఎలా వేయాలి?

విశ్వవిద్యాలయంలో ఈ చిక్కు లేదు. బళ్ళారిలో 2010లో ఏర్పడిన విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనా, మరొకటైనా, అక్కడి వేడుకకు ఒక పద్ధతి ఉంది. కువెంపు రాసిన నాడగీతను కర్ణాటక ప్రభుత్వం 2004లో స్వీకరించింది. దాన్ని మైసూరు అనంతస్వామి బాణీలో రెండున్నర నిమిషాల్లో పాడాలని 2022లో నిర్ణయించింది. మన ఇష్టాయిష్టాలకు చోటు దొరికేది ఇంటి దగ్గర జరిగే సాయంత్రానికే.

ఒక మాట, రెండు అర్థాలు

పట్టా ఇచ్చే వేడుకను కన్నడంలో ఘటికోత్సవం అంటారు, మనం స్నాతకోత్సవం అంటాం. ఘటిక అంటే పూర్వం ఉన్నత విద్య నేర్పిన చోటు. కదంబ రాజ్యం స్థాపించిన మయూరశర్మ చదువు కోసం కాంచీపురం ఘటికకు వెళ్ళాడని తాళగుంద శాసనం చెబుతుంది. స్నాతకుడంటే గురువు దగ్గర చదువు ముగించి, స్నానం చేసి, ఇంటిదారి పట్టినవాడు. ఒక మాట చదువుకున్న చోటును తలుస్తుంది, రెండోది అక్కడి నుండి బయలుదేరడాన్ని తలుస్తుంది. పాటల జాబితాకు ఈ రెండూ కావాలి. ఇన్నాళ్ళూ వెంట ఉన్నవారిని తలచుకునే పాటలు కొన్ని, బిడ్డను ముందుకు సాగనంపే పాటలు కొన్ని. ఏ భాషవి ఎన్ని అన్న లెక్క ఆ తరువాత చూసుకోవచ్చు.

మన ఊరు నేర్పిన పాఠం

పాట ఎక్కడ ఉండాలన్న ఆలోచన బళ్ళారికి కొత్త కాదు. 1886లో ఇక్కడ సరసవినోదినీ సభను నెలకొల్పిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకంలో పాటలకు చోటు కల్పించారు. ఆయన మేనల్లుడే బళ్ళారి రాఘవ (1880–1946). తెలుగు, కన్నడ, ఇంగ్లీషు నాటకాలు మూడింటా వేషం కట్టిన రాఘవ, రాగం కన్నా భావానికి పెద్దపీట వేసిన సహజ నటుడు. మామ పాటను తెచ్చారు, అల్లుడు సందర్భాన్ని చూడమన్నారు. మన జాబితాకు ఈ ఇద్దరూ గురువులే. పాట ఎంత గొప్పదైనా ఆ నిమిషానికి పొసగకపోతే పక్కన పెట్టాలి. రాగం హాయిగా ఉందని విరహగీతం పెట్టి, మాటలు వినబడ్డాక పెద్దలూ పిల్లలూ ముఖాలు చూసుకున్న సందర్భాలు మనకు తెలియనివా! ముందుగా మాటలు చదవండి, తరువాతే పాట ఎంచండి.

ఎల్లలు దాటిన పాటలు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఊళ్ళను పంచారు గాని పాటలను పంచలేకపోయారు. కన్నడిగులకు రాజ్‌కుమార్ గొంతుగా పరిచయమైన పి.బి. శ్రీనివాస్ కాకినాడలో పుట్టినవారు. కన్నడంలో ఎన్నో పాటలు పాడిన ఎస్. జానకిది రేపల్లె ప్రాంతం. మన 'పంతులమ్మ' (1977) సినిమాకు బాణీలు కట్టిన రాజన్-నాగేంద్ర సోదరులు మైసూరువారు. పిల్లల కాలానికి వస్తే, కాలేజీ కథ 'హ్యాపీ డేస్' (2007) కన్నడంలో 'జాలీ డేస్' (2009) అయింది. కన్నడ 'కిరిక్ పార్టీ' (2016) తెలుగులో 'కిర్రాక్ పార్టీ' (2018) అయింది, రెంటికీ అజనీష్ లోక్‌నాథే సంగీత దర్శకుడు. అవ్వ పాట, మనవరాలి పాట అనుకున్నంత దూరంలో లేవన్నమాట. ఇలా రెండు వైపులా తెలిసినవాటితో మొదలుపెడితే సగం తగువు తీరుతుంది.

జాబితా వేసే పద్ధతి

కేసెట్ల కాలంలో అరవై నిమిషాల కేసెట్టుకు పక్కకు ముప్పై నిమిషాలే. ఆరేడు పాటలు పట్టేవి. ఇంకొకటి ఎక్కాలంటే ఒకటి దిగాలి. ఇప్పుడు ఫోనులో వేల పాటలు పట్టినా సాయంత్రం మాత్రం పెరగలేదు. గంటకు పన్నెండు పాటలు చాలు. మొదటి ఆరు తోడున్నవారివి. అవ్వకు ఒకటి, తాతకు ఒకటి, అమ్మానాన్నలకు ఒకటి, చదువు చెప్పిన గురువులకు ఒకటి, స్నేహితులకు రెండు. ఎవరి పాట వారినే చెప్పమనండి, ఎందుకు ఇష్టమో కూడా అడగండి. సిరుగుప్ప వైపు క్యాంపుల్లో స్థిరపడిన కోస్తా కుటుంబాల పెద్దలు చెప్పే పాట ఒకటైతే, తరతరాలుగా ఇక్కడే ఉన్నవారు చెప్పే పాట మరొకటి కావచ్చు. ఆ వెనుక కథ పిల్లలకు తెలియడమే అసలు లాభం. తరువాతి ఐదు సాగనంపే పాటలు. అవి అమ్మాయి ఇష్టానికే వదలండి.

పన్నెండోది ఫోనులో వద్దు, అందరూ కలిసి పాడాలి. కన్నడ మాధ్యమంలో చదివిన మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. వారికి తెలుగు పాటను కన్నడ లిపిలో రాసివ్వండి. ఆ కాగితం వారి స్నేహితులకూ పనికివస్తుంది. అదే కాగితం మీద పక్కనే తెలుగు లిపిలోనూ రాయండి. రెండు లిపులూ ఒకే లిపి నుండి చీలినవి గనుక పోల్చి చూసుకోవడానికి ఎంతోసేపు పట్టదు. అవ్వకు ఒక కన్నడ పాటను ఇదే రీతిలో తెలుగు లిపిలో రాసివ్వడం మనవరాలి వంతు.

ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళినా హైదరాబాదు వెళ్ళినా బిడ్డ ఫోనులో ఆ పదకొండు పాటలూ వెంట వెళతాయి. పన్నెండోది కావాలంటే మాత్రం ఇంటికి ఫోను చేసి అవ్వను పాడమని అడగాలి.