పిట్టల చదువుకు కంప్యూటర్ లెక్కలెందుకు?

బీఎస్సీలో జువాలజీయో బాటనీయో తీసుకున్న పిల్లల్ని చూసి "లెక్కలంటే భయపడి ఇటు వచ్చారు" అనడం మన ఇళ్లలో మామూలే. కానీ ఎకాలజీ, అంటే జీవావరణ శాస్త్రం దాకా వచ్చేసరికి ఆ లెక్కలే మళ్లీ ఎదురొస్తాయి. చాలా యూనివర్సిటీల్లో ఇప్పుడు ఈ సబ్జెక్టుతో పాటు డేటాను సర్దడం, మోడల్ తయారుచేయడం కూడా నేర్పుతున్నారు. అడవిలో తిరిగే చదువుకు ల్యాప్‌టాప్ ఎందుకని అమ్మీ, అబ్బా అడిగితే తప్పేం లేదు.

పిట్టల లెక్క అంటే మనకు సలీం అలీ గారు గుర్తొస్తారు. 1930ల మొదట్లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసింది ఆయనే. అప్పుడు నోట్‌బుక్, పెన్సిల్, ఓపిక సరిపోయేవి. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదికకు మాత్రం సుమారు 30,000 మంది పక్షి ప్రేమికులు పంపిన 3 కోట్ల పరిశీలనలు ఆధారం. వాటిని చేత్తో తిరగేయడం ఎవరి తరమూ కాదు.

ముందు నేర్పేది డేటా శుభ్రం. అమెరికాలోని అరిజోనా ఎడారిలో, పోర్టల్ అనే ఊరి దగ్గర 1977 నుంచి ఎలుకల్ని పట్టి, తూచి, వదిలేస్తూ రాసుకుంటున్నారు. ఆ డేటాను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, అందుకే ఎన్నో దేశాల్లో విద్యార్థులు దానితోనే చేయి తిప్పుకుంటారు. ఒక జంతువుకు ఒక వరుస. 03/04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? గడి ఖాళీగా ఉంటే ఆ రోజు ఎలుకలు దొరకలేదా, లేక అసలు ఎవరూ వెళ్లలేదా? సున్నా వేరు, ఖాళీ వేరు. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఇది కలిసిపోతే ఉన్న జీవి లేనట్టు తేలుతుంది.

తర్వాత మోడల్. పేరు పెద్దది, పని సులువే. ఒక చెరువులో మహా అయితే 1000 చేపలు బతకగలవు అనుకుందాం. ఏటా పెరుగుదల ఇలా లెక్కిస్తారు: ఉన్న చేపల్లో సగం తీసుకుని, చెరువులో ఇంకా ఎంత వంతు చోటు మిగిలిందో దానితో గుణించాలి. 100 చేపలుంటే 45 పెరుగుతాయి. 500 ఉంటే 125. 900 ఉంటే చోటు చాలక మళ్లీ 45. కాబట్టి 500 ఉన్న చెరువులో ఏటా 125 పట్టినా సంఖ్య తగ్గదు. ఇంతవరకూ బాగానే ఉంది. వానలు సరిగా లేక చేపలు 300కి పడ్డాయనుకోండి, పట్టేది అదే 125 అయితే? మరుసటి ఏడు 280, తర్వాత 256, 226, 188, 140, 75. ఏడో ఏడు పట్టడానికి 125 చేపలే ఉండవు. మొదటి రెండేళ్లు చూసినవాళ్లకు పెద్ద తేడా కనిపించదు, అసలు ప్రమాదం అక్కడే.

ఇది కాగితం మీది కథ అనుకోకండి. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపలు తగ్గిపోతున్నా, పడవలు చేపలు గుంపుగా ఉన్న చోటికే వెళ్లేవి. వల నిండుతూనే ఉంది. ఆ వల లెక్క చూసి సముద్రంలో చేపలు పుష్కలంగా ఉన్నాయని అంచనా వేశారు. చివరికి 1992 జూలైలో వేట ఆపేయాల్సి వచ్చింది. సుమారు 30,000 మంది ఉపాధి పోయింది. డేటా లేక కాదు, ఆ డేటా ఎక్కడి నుంచి వచ్చిందో సరిగా అడగక.

అందుకే కోడ్‌తో మొదలుపెట్టే టీచర్ కన్నా, "ఈ అంకె ఎలా వచ్చింది?" అని అడిగే టీచర్ మేలని నా అభిప్రాయం. పిల్లలతో ముందు కాగితం మీద గీత గీయించి, తర్వాత కంప్యూటర్ దగ్గర కూర్చోబెడితే భయం సగం పోతుంది. ఖర్చు సంగతికొస్తే, ఈ రంగంలో ఎక్కువగా వాడే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో పుట్టింది. మామూలు ల్యాప్‌టాప్ చాలు. కాలేజీలో చేర్చే ముందు సిలబస్‌లో పేరు చూసి ఊరుకోకుండా, విద్యార్థులే కొలిచిన డేటాతో ప్రాక్టికల్స్ చేయిస్తారా అని అడగండి.

మొదలుపెట్టడానికి ఎక్సెల్ కూడా సరిపోతుంది. పైన చెప్పిన చెరువు లెక్కే మీ అమ్మాయినో అబ్బాయినో వేయమనండి. 125 బదులు ఏటా 90 పడితే, 300 దగ్గర నుంచి చేపలు మళ్లీ పెరుగుతాయి. 200కి పడ్డాక అయితే ఆ 90 కూడా ఎక్కువే.