పురుగును పెంచే చేతులు ఎవరివి?

మిరపకు ఏ మందు ఎంత మోతాదులో కొట్టాలో రైతుకు శాస్త్రవేత్త చెబుతాడు. ఆ మోతాదు తేలాలంటే ముందు ప్రయోగశాలలో ఒకే వయసున్న పురుగులు వందల సంఖ్యలో ఉండాలి. వాటిని పట్టి, మేపి, లెక్కపెట్టేవాళ్ళ గురించి మనం మాట్లాడుకోం.

పెదకాకాని మండలంలోనే, నంబూరు దగ్గర, 1976లో ఏర్పడిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. గుంటూరు దాటి అమరావతి రోడ్డు ఎక్కితే లాం ఫారం వస్తుంది. రాష్ట్ర విభజన తర్వాత ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన కేంద్రం కూడా అక్కడికే వచ్చింది. ఈ నేలకు పురుగుల పరిశోధన చావుబతుకుల విషయం. 1980ల మధ్యలో తెల్లదోమ పత్తిని ముంచింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 2021లో కొత్త రకం నల్ల తామర పురుగు మిరప పూతను తినేసింది.

ఇలాంటి ప్రయోగశాలలో పని ఎలా ఉంటుందో చూద్దాం. శనగపచ్చ పురుగునే తీసుకోండి. చేలో ఏరుకొచ్చిన పురుగులను ఒక డబ్బాలో వేస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకని ఒక్కో గదికి ఒక్కో పురుగు చొప్పున ట్రేలలో సర్దాలి. శనగపిండి, ఈస్టు, అగర్, విటమిన్లు కలిపి ఉడికించిన మేత పెట్టాలి. రెట్ట తీసి శుభ్రం చేయాలి. ప్యూపాలలో ఆడ, మగ వేరు చేయాలి. రెక్కల పురుగులు బయటికొచ్చాక దూదిని తేనె నీళ్ళలో ముంచి పెట్టాలి. గుడ్డ మీద పెట్టిన గుడ్లను జాగ్రత్తగా తీయాలి. లద్దె పురుగుకైతే రోజూ తాజా ఆముదపు ఆకు కోసుకురావాలి. పురుగుకు ఆదివారం లేదు, పండగ లేదు. ఒక్కరోజు నాగా పెడితే రోగం తగిలి ఆ తరం మొత్తం పోవచ్చు.

పొలంలో ఇంకో పని. మొక్కకు పైన, మధ్యన, కింద ఒక్కో ఆకు తిప్పి తెల్లదోమను, పచ్చదోమను లెక్కపెట్టాలి. పొద్దెక్కితే దోమ లేచిపోతుంది. కాబట్టి తెల్లవారుజామునే చేలో ఉండాలి. ఏది తామర పురుగు తిన్న ముడతో, ఏది నల్లి తెచ్చిన ముడతో ఆకు చూసి చెప్పగల కూలీలు ఉంటారు. ఇది చదువు కాదా?

ఈ పనిలో జబ్బూ ఉంది. ట్రైకోగ్రామా అనే మేలుచేసే పరాన్నజీవిని పెంచడానికి కోర్సైరా అనే ధాన్యపు పురుగు గుడ్లు కావాలి. దాని రెక్కల నుంచి రాలే పొలుసుల పొడి గదంతా కమ్ముకుంటుంది. ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకు తుమ్ములు, దగ్గు, ఉబ్బసం వస్తాయి. దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు: మంచి మాస్కు, గాలిని బయటికి లాగే ఫ్యాను, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష.

మన పల్లెల్లో కూలికి వెళ్ళే ఆడవాళ్ళలో మాల, మాదిగ పేటలవాళ్ళు చాలామంది ఉంటారు. విశ్వవిద్యాలయ పొలాలకూ చుట్టుపక్కల ఊళ్ళ నుంచే కూలీలు వస్తారు. పరిశోధన పత్రంలో ప్రొఫెసర్ పేరు, విద్యార్థి పేరు ఉంటాయి. పురుగులు పెంచినవాళ్ళు థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీలో ‘సిబ్బంది’ అనే ఒక్క మాటలో మిగిలిపోతారు. ప్రాజెక్టు మూడేళ్ళకు ముగిస్తే వాళ్ళ పనీ ముగుస్తుంది.

పర్మినెంటు దారి కూడా ఇరుకైంది. 1994లో వచ్చిన జీవో 212, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు నిండిన రోజుకూలీలకు, అదీ ఖాళీలుంటేనే, అవకాశం ఇచ్చింది. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు ఎన్నేళ్ళు చేసినా పర్మినెంటు హక్కు కాదంది. మంజూరైన పోస్టుల్లో పదేళ్ళు దాటినవాళ్ళకు మాత్రం ఒక్కసారికి మినహాయింపు చెప్పింది. రిజర్వేషన్ రోస్టరు పోస్టుకు ఉంటుంది, మస్టరుకు ఉండదు. పోస్టు నింపకుండా మస్టరుతో నడిపిన ప్రతిచోటా మన వాటా పోయినట్టే. ఫలితంగా మనవాళ్ళు ప్రయోగశాలలో ఉంటారు, ఉద్యోగుల జాబితాలో ఉండరు.

అందుకే కాగితం ముఖ్యం. మస్టరు నకలు, కాంట్రాక్టరు పేరు, పీఎఫ్ కట్టిన వివరాలు 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నాటి నుంచీ ఉన్న సూత్రం. పరిశోధకులుగా మేం చేయగలిగిందీ ఒకటుంది: లెక్కలు ఎవరు తీశారో, పురుగులు ఎవరు పెంచారో పత్రంలో పేరుపేరునా రాయడం. రేపు అనుభవ ధ్రువపత్రం కోసం ఆమె తిరగాల్సి వస్తే, అచ్చులో ఉన్న ఆ పేరు సాక్ష్యంగా నిలబడుతుంది.